తెర మీద పేర్లు చదువుదాం

(చిల్లకూరులో కొత్తగా చదువు నేర్చుకున్న అక్కచెల్లెళ్ళకు చేసిన ప్రసంగం)



మాయాబజార్ సినిమా చూడనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఘటోత్కచుడు లడ్లు మింగే చోటు వస్తే పిల్లలు టీవీ ముందు నుంచి లేవరు. అయితే సినిమా మొదట్లో పేర్లు పడతాయి కదా, వాటిని ఎప్పుడైనా చదివారా? ఇన్నాళ్ళూ ఆ పేర్లు పడేటప్పుడు మనం లేచి పొయ్యి మీద అన్నం చూసుకుని వచ్చేవాళ్ళం. ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, రంగారావు మనకు తెలుసు. మిగతా పేర్లు ఎవరివి? వాళ్ళు ఏం పని చేశారు? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. మద్రాసులో విజయా వాహినీ స్టూడియోలో తీశారు. దర్శకుడు కె.వి.రెడ్డి గారు. లైట్లవాళ్ళు, వడ్రంగులు, రంగులు వేసేవాళ్ళు, అంతా కలిసి సుమారు 400 మంది పనిచేశారు. మనం చూసే ద్వారకా నగరం నిజం ఊరు కాదు. సుమారు 50 అడుగులకు 60 అడుగుల జాగాలో చిన్న చిన్న బొమ్మల ఇళ్ళు కట్టి, దాన్ని పెద్ద నగరంలా చూపించారు. పడవ పాటలో వెన్నెల కూడా నిజం వెన్నెల కాదు. కెమెరా పనిచేసిన మార్కస్ బార్ట్లే గారు తన పనితనంతో అట్లా కనిపించేటట్టు చేశారు.

ఆ 400 మంది మధ్యకు మన వైపు నుంచి ఒక కుర్రవాడు వెళ్ళాడు. ఆయన పేరు సింగీతం శ్రీనివాసరావు. 1931లో నెల్లూరు సీమలో పుట్టారు. మద్రాసులో డిగ్రీ చదివారు. తర్వాత సూళ్ళూరుపేటలో బడిపంతులుగా పనిచేశారు. మన గూడూరులో మద్రాసు రైలెక్కితే దారిలో వచ్చే సూళ్ళూరుపేటే! అక్కడే నాటకాలు రాసి ఆడించారు. సినిమా నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. పూనాలో ప్రభుత్వం పెట్టిన సినిమా బడి 1960లో గాని మొదలు కాలేదు. అందుకని ఆ రోజుల్లో సినిమా పని నేర్చుకోవాలంటే స్టూడియోయే బడి. ఆయన కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా చేరారు. చేరిన కొత్తల్లోనే మాయాబజార్‌కు పనిచేశారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

కొత్తగా చేరిన సహాయకుడికి ఏం పని ఉంటుంది? రాసే పని, చూసే పని.

మనం పలక మీద అ, ఆ దిద్దాం. సినిమా వాళ్ళకూ ఒక పలక ఉంది. దాని మీద సీను నెంబరు, షాటు నెంబరు సుద్దముక్కతో రాస్తారు. కెమెరా ముందు పెట్టి పైచెక్కతో టక్కున కొడతారు. బొమ్మ ఒకచోట, మాట ఇంకోచోట ఎక్కుతాయి. ఆ దెబ్బను చూసి రెండింటినీ జత చేస్తారు. నెంబరు తప్పు రాస్తే ఆ ముక్క ఎక్కడిదో వెతుక్కోవాల్సిందే.

సినిమాను కథ నడిచే వరసలో తీయరు. ఒకే ఇంట్లో జరిగేవన్నీ ఒకసారే తీసేస్తారు. ఈ రోజు తలుపు దగ్గర నిలబడిన మనిషి, నెల తర్వాత తలుపు దాటి లోపలికి వస్తుంది. అప్పుడు కూడా అదే చీర, అవే గాజులు, కొప్పులో అవే పూలు ఉండాలి. ఇది గుర్తుంటుందా? ఉండదు. అందుకే పుస్తకంలో రాసుకుంటారు.

మాయాబజార్‌కు ఇంకో చిక్కు ఉంది. దాన్ని తెలుగులోనూ, తమిళంలోనూ తీశారు. తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావు. తమిళంలో జెమినీ గణేశన్. అంటే లెక్కలు రెండింతలు.

అప్పట్లో ఫిల్ము ఖరీదు ఎక్కువ. వృథా చేస్తే నష్టం. అందుకని సింగీతం గారు నటుల చేత ముందే మాటలు, పద్యాలు చెప్పించేవారు. ఎంతసేపు పట్టిందో కె.వి.రెడ్డి గారు లెక్క రాసేవారు. పెళ్ళి వంటకు ఎంతమందో లెక్కగట్టి ఎసరు పెడతాం చూడండి, అట్లాగన్నమాట.

ఇంత మందిలో కొత్త మనిషికి భయం ఉండదా? ఉంటుంది. ఎవరి పనిలో వాళ్ళుంటారు. కూర్చోబెట్టి నేర్పేవాళ్ళుండరు. ఇది మనకు తెలియని సంగతి కాదు. నాట్లకు మొదటిసారి వచ్చిన పిల్లకు ఎవరు పాఠం చెప్తారు? పక్క మనిషి చెయ్యి చూసి నారు పట్టడం నేర్చుకుంటుంది. నాలుగు రోజులకు వరసలో కలుస్తుంది. పెద్ద పనిలో కొత్తవాళ్ళు నేర్చుకునేది ఇట్లాగే. చూడాలి, అడగాలి, గుర్తు పెట్టుకోవాలి. చదువు వస్తే రాసి పెట్టుకోవచ్చు.

సింగీతం గారు దర్శకుడిగా తీసిన మొదటి సినిమా ‘నీతి నిజాయితి’ 1972లో వచ్చింది. మాయాబజార్ వచ్చిన పదిహేనేళ్ళకు! 1987లో మాటలే లేని ‘పుష్పక విమానం’ తీశారు. ఏ భాష వాళ్ళయినా చూసి నవ్వుకునే సినిమా అది.

“అదంతా మగవాళ్ళ సంగతి టీచరమ్మా” అని మీరు అనవచ్చు. కాదు. మన భానుమతి గారు 1953లోనే ‘చండీరాణి’కి దర్శకత్వం చేశారు. మూడు భాషల్లో తీశారు. విజయనిర్మల గారు 44 సినిమాలకు దర్శకత్వం చేసి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు.

అయినా అన్ని పనులకూ ఆడవాళ్ళను రానివ్వలేదు. సినిమా పనికి సంఘం కార్డు కావాలి. ఉపాధి పనికి కార్డు ఉంటుంది చూడండి, అట్లాంటిదే. మేకప్ వేసే పనికి ఆడవాళ్ళకు కార్డు ఇచ్చేవారు కాదు. జుట్టు దువ్వి జడలు వేసే పనికే ఇచ్చేవారు. చారు ఖురానా అనే ఆమె అమెరికా వెళ్ళి మేకప్ విద్య నేర్చుకుని వచ్చింది. ముంబయి సంఘం ఆమెకు కార్డు ఇవ్వనంది. ఆమె ఊరుకోలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆడదని పని కాదనడం రాజ్యాంగానికి విరుద్ధమని 2014 నవంబరు 10న కోర్టు తీర్పు చెప్పింది. ఒక్క మనిషి పట్టుదలతో ఎందరికో పని దొరికే దారి పడింది.

మన పిల్లల్లో ఎవరైనా “అమ్మా, నేను కెమెరా నేర్చుకుంటాను, బట్టలు కుట్టే పనికి సినిమాకు పోతాను” అంటే వెంటనే నోరు మూయించకండి. ఎక్కడ నేర్పుతారో అడగండి. ఎవరితో పోతుంది, కూలి ఎంత, రాత్రి ఎక్కడ ఉంటుంది అని కూడా అడగండి. కాగితం మీద రాసిందేమిటో మీరే చదవండి. చదవకుండా వేలిముద్ర వేయకండి.

ఈసారి టీవీలో పాత సినిమా వస్తే పొయ్యి కాస్త తగ్గించి కూర్చోండి. పేర్లు తొందరగా వెళ్ళిపోతాయి. మొదటిసారి రెండే చదవగలరేమో. రెండోసారికి నాలుగు చదువుతారు. వాటిలో ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వచ్చే వారం ఆ లెక్క పలక మీద రాసి తీసుకురండి. మాట్లాడుకుందాం.