ఒడ్డున నిలబడిపోకుండా: ఒక స్వచ్ఛంద రక్షక దళం కథ



నేను పెరిగింది జంషెడ్‌పూర్ పక్కనున్న బాగ్‌బేరాలో. దగ్గరలోనే టాటానగర్ రైల్వే స్టేషను, మరో వైపు ఖర్‌కాయి నది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. ఛఠ్ పండుగకు ఊరంతా నది ఒడ్డున దీపాలు పెడుతుంది. వానాకాలంలో ఎగువన గట్టి వర్షాలు పడితే, అదే నది పల్లపు ఇళ్లలోకి వస్తుంది.

నాకు పన్నెండేళ్ల వయసులో ఆ ఒడ్డున ఒక కుర్రవాడు మునిగిపోయాడు. ఈత వచ్చినవాళ్లు దూకి బయటకు తీశారు. ఒకాయన కడుపు నొక్కారు. మరొకాయన కాళ్లు పట్టుకొని తలకిందులుగా ఎత్తారు. ఇంకొకరు రిక్షా కోసం పరుగెత్తారు. అందరూ మంచివాళ్లే. కానీ ఆ సమయంలో చేయవలసింది ఏమిటో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ అబ్బాయి దక్కలేదు. సరైన పని చేసి ఉంటే బతికేవాడని నేను ఖాయంగా చెప్పలేను. అతనికి ఆ అవకాశం మేము ఇవ్వలేకపోయామని మాత్రం చెప్పగలను.

సరిగ్గా ఇలాంటి దృశ్యాన్నే 1909లో మరో పిల్లవాడు చూశాడు. అది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో రోనోక్ అనే ఊరు. అదీ మన ఊరిలాగే రైల్వే ఊరు, నది ఒడ్డు ఊరు. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. నదిలో చిన్న పడవ తిరగబడి ఇద్దరు మునిగిపోతుంటే, ఒడ్డున ఉన్నవాళ్లు ఏమీ చేయలేక చూస్తూ ఉండిపోయారు. ఆ గుంపులో తొమ్మిదేళ్ల జూలియన్ స్టాన్లీ వైజ్ ఉన్నాడు. ఇకమీదట తాను ఇలా నిస్సహాయంగా నిలబడకూడదని ఆనాడే అనుకున్నాడు.

పెద్దవాడై అదే రైల్వేలో ఉద్యోగంలో చేరాడు. 1928లో తోటి ఉద్యోగులను కూడగట్టి, తనతో కలిపి పదిమందితో ఒక రక్షక దళం ఏర్పాటు చేశాడు. జీతం లేదు. ఉద్యోగం ఉద్యోగమే, సేవ సేవే. అమెరికాలో మొట్టమొదటి స్వచ్ఛంద రక్షక దళంగా దీనిని చెబుతారు. ఆ రోజుల్లో అక్కడ చాలా ఊళ్లలో అంబులెన్సులు నడిపింది అంత్యక్రియల సంస్థలే. మనిషిని పడుకోబెట్టి తీసుకుపోయే బండి వాళ్ల దగ్గరే ఉండేది మరి! దారిలో చికిత్స అన్న మాటే లేదు.

వైజ్ దళం కొత్తదనం ఇక్కడే ఉంది. ప్రాణం నిలబెట్టే పని ఆసుపత్రిలో కాక, ప్రమాదం జరిగిన చోటే మొదలుకావాలని వాళ్లు నమ్మారు. అందుకోసం శిక్షణ పొందారు. క్రమంగా ఇతర ఊళ్లలోనూ ఇలాంటి దళాలు వచ్చాయి. జాతి వివక్ష రాజ్యమేలుతున్న ఆ కాలంలో, 1941లో, అదే రోనోక్‌లో అలెగ్జాండర్ టెరెల్ అనే నల్లజాతీయుడు హంటన్ దళాన్ని స్థాపించాడు. నల్లజాతివారి తొలి స్వచ్ఛంద రక్షక దళం అదే.

ఇప్పుడు ఇందులోని విజ్ఞానశాస్త్రం చూద్దాం. ఊపిరి, గుండె ఆగిపోతే మెదడుకు ఆక్సిజన్ అందదు. 4 నుంచి 6 నిమిషాల్లోనే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా ఈ లెక్కకు అందడం కష్టం. అందుకే పక్కనున్న మనిషే మొదటి వైద్యుడు.

మరి ఆ పక్కనున్న మనిషి ఏం చేయాలి? 1928 నాటికి ప్రచారంలో ఉన్నది షేఫర్ పద్ధతి. మనిషిని బోర్లా పడుకోబెట్టి, నడుముకు పైభాగాన లయబద్ధంగా నొక్కేవారు. ఎన్నో ఏళ్లు ఇదే నేర్పారు. 1950లలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ అనే వైద్యులు ప్రయోగాలు చేసి, ఇలాంటి పాత పద్ధతులతో తగినంత గాలి లోపలికి వెళ్లడం లేదని తేల్చారు. మనం వదిలే గాలిలో ఇంకా సుమారు 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది. ఆ గాలిని నోటితో ఊదితే చాలునని నిరూపించారు. 1960లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ఛాతీని నొక్కి రక్తప్రసరణ నిలపవచ్చని చూపారు. ఈ రెండూ కలిసినదే నేటి సీపీఆర్. దళాలవారు పాత పద్ధతి వదిలి కొత్తది నేర్చుకున్నారు. సేవాభావం ఉంటే చాలదు. తప్పని తేలినదాన్ని వదిలే ధైర్యం కూడా కావాలి.

పొరుగువారే ముందు చేరతారనడానికి మన గోదావరే సాక్ష్యం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బయటపడ్డారు. వాళ్లను ఒడ్డుకు చేర్చడంలో ముందున్నది నాటుపడవలు వేసుకొని వెళ్లిన దగ్గరి గ్రామస్థులే. వాళ్లకు నది తెలుసు. ఆ తెలివికి శిక్షణ, పరికరాలు కూడా తోడైతే ఎంత బలమో ఆలోచించండి.

మీకు మూడు మాటలు చెబుతాను. ఒకటి, మునిగేవారి కోసం నీళ్లలోకి దూకకండి. భయంలో వాళ్లు మిమ్మల్ని గట్టిగా పట్టేసుకుంటారు. తాడు, పొడవాటి కర్ర, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా అందించండి. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం 5 లీటర్ల డబ్బా పూర్తిగా మునిగితే సుమారు 5 కిలోల నీటిని తొలగిస్తుంది. మన శరీర సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది కనుక, ముఖం పైన ఉంచడానికి తరచుగా ఆ ఆసరా సరిపోతుంది.

రెండు, బయటకు తీశాక కడుపు నొక్కకండి, తలకిందులు చేయకండి. ఊపిరి లేకపోతే 108కో 112కో ఫోన్ చేయించి, ముందు నోటితో ఊపిరి ఊదండి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. 30 నొక్కులకు 2 ఊపిరులు. మూడు, ఇది విని ఊరుకోకండి. బొమ్మ మీద సాధన చేయించే శిక్షణకు వెళ్లండి. చేతికి అలవాటు కాని పని కంగారులో గుర్తుకు రాదు.

వైజ్ తొమ్మిదేళ్ల వయసులో చూసినదాన్ని 19 ఏళ్లు మరచిపోలేదు. నేను మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మీకు ఆ ఆలస్యం అక్కరలేదు. మీ వీధిలో ఈత ఎవరికి వచ్చు, తాడు ఎవరింట్లో ఉంది, ప్రథమ చికిత్స ఎవరికి తెలుసు? ఈ సాయంత్రమే నలుగురు స్నేహితులు కలిసి కనుక్కొని ఒక కాగితం మీద రాసుకోండి. రోనోక్‌లో మొదలైంది పదిమందితోనే.