తెలిసినదానితో సరిచూడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా ఉద్యోగం ఏమిటని మా అమ్మ అడిగితే ఇలా చెప్పేవాణ్ణి: "ఇడ్లీ పిండి పులిసిందో లేదో నువ్వు వాసన చూసి చెబుతావు. ఫ్యాక్టరీలో వేల లీటర్ల ట్యాంకు మూత తీసి చూడలేం. లోపల ఏం జరుగుతోందో చెప్పే చిన్న సెన్సర్లు మేం తయారుచేస్తాం."

మందులు, ఎంజైములు తయారయ్యే ఆ ట్యాంకుల్లో సూక్ష్మజీవులకు వేడి, పులుపు, ఆక్సిజన్ సరిగ్గా అందాలి. పులుపును కొలిచే పీహెచ్ లెక్క పుట్టింది కూడా ఇలాంటి చోటే. 1909లో కోపెన్‌హాగన్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ స్థాపించిన ప్రయోగశాలలో సోరెన్‌సెన్ దాన్ని ప్రవేశపెట్టారు. చాలాకాలం గాజు ఎలక్ట్రోడే దిక్కు. 1970లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త పీట్ బెర్గ్‌వెల్డ్ ట్రాన్సిస్టర్‌నే అయాన్లను కొలిచే సెన్సర్‌గా మలిచారు. దాంతో కొలిచే భాగం చిన్న చిప్ మీదికి వచ్చింది. ఆక్సిజన్‌కైతే గాజు పాత్ర లోపలి గోడకు చిన్న బిళ్ల అంటించి, బయటినుంచి కాంతి వేసి చదువుతాం. ఆక్సిజన్ పెరిగితే ఆ బిళ్ల మెరుపు తగ్గుతుంది.

అయితే చిప్ సెన్సర్‌కు ఒక జబ్బు ఉంది. రోజులు గడిచేకొద్దీ దాని అంకె కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. దాన్ని డ్రిఫ్ట్ అంటాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఆపరేటర్ వచ్చి, "సార్, శాంపిల్ పుల్లగా వాసన వేస్తోంది" అన్నాడు. తెర మీద పీహెచ్ 7 ఉంది. "అంకె బాగానే ఉందిగా, వెళ్లి పని చూసుకో" అన్నాను. తెల్లారేసరికి బ్యాచ్ మొత్తం పారబోయాల్సి వచ్చింది. సెన్సర్ జరిగిపోయింది. క్షారం కలపాల్సిన పంపు ఆ తప్పు అంకెను నమ్మి ఊరుకుంది. నింద ఆ కుర్రాడి మీదికి వెళ్లబోతే, అతను ముందే చెప్పాడని, విననిది నేనేనని రిపోర్టులో రాశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు.

ఆ రోజు గుర్తొచ్చింది ఎనిమిదో తరగతి. పెరుగులో లిట్మస్ కాగితం ముంచబోతే మన సైన్స్ మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. ముందు నీలం కాగితం నిమ్మరసంలో ఎర్రబడాలి, ఎర్ర కాగితం సున్నపు తేటలో నీలంగా మారాలి, ఆ తర్వాతే పెరుగు. "తెలిసినదానితో సరిచూడకుండా తెలియనిదాన్ని కొలవకండర్రా" అన్నారు. ఇవాళ మేం చేసే క్యాలిబ్రేషన్ అంటే అదే. మాస్టారూ, మీరు ముందే చెప్పారు. నాకు ఒక బ్యాచ్ పోయాకగాని అర్థం కాలేదు.

మా బ్యాచ్ తరఫున బడి ల్యాబుకు పీహెచ్ మీటర్లు ఇస్తున్నాం. వాటితోపాటు పీహెచ్ 4, 7 ఉండే బఫర్ ద్రావణాలు కూడా. పిల్లలు రోజూ ముందు ఆ సీసాలు తెరవాలని నా కోరిక.

సెలవు.