సాగర జీవుల దర్శన యాత్ర – మనమెందుకు వెళ్లాలి?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విహార యాత్రల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. యాత్ర అనగానే మనకు తిరుపతి, శ్రీశైలం, కాశీ, రామేశ్వరం గుర్తుకొస్తాయి. అవి ఉండవలసినవే. అయితే ఈసారి వాటికి తోడుగా సముద్రపు ప్రాణులను చూచి వచ్చే యాత్ర ఒకటి చేద్దామని నా ప్రతిపాదన. "వాన చుక్కకు ముఖం వాచిన సీమవాళ్లం, తిమింగలాలతో మనకేం పని సార్?" అని మిత్రులొకరు నవ్వుతూ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

సముద్రం మనకు దూరమైనా తిమింగలం అనే మాట మనకు కొత్త కాదు. తిమి అంటే పెద్ద చేప. దానిని సైతం మింగేది తిమింగిలం. అలా పెద్దలు పేరు పెట్టారు. నిజానికి తిమింగలం గానీ, దాని బంధువైన డాల్ఫిన్ గానీ చేపలు కావు. ఆవు వలె, గేదె వలె పిల్లను కని పాలిచ్చే జంతువులు. మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చుకుంటాయి. అందుకోసం ఎంత లోతుకు వెళ్లినా మళ్లీ నీటిపైకి రావలసిందే. పడవలో కూర్చున్న మనకు వాటి దర్శనం దొరికేది ఆ ఊపిరి తీసుకునే క్షణంలోనే.

ఈ శాస్త్ర చరిత్రలో మన తెలుగు తీరానికి గొప్ప స్థానం ఉంది. అమరావతి స్తూపంలో తవ్వకాలు జరిపి శిల్పాలను మద్రాసుకు చేర్చిన సర్ వాల్టర్ ఇలియట్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన ఉత్తర సర్కారులలో అధికారిగా ఉన్న కాలంలో, 1852లో, విశాఖపట్నం రేవులో ఒక వింత డాల్ఫిన్ దొరికింది. ముక్కు పొడుగు లేదు, తల గుండ్రం, వీపుమీద రెక్క చిన్నది. దాని ఆధారంగానే 1866లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు కొత్త జాతిగా ప్రకటించాడు. దానినే నేడు ఇరవాడి డాల్ఫిన్ అంటున్నారు. పేరు బర్మా నదిది, పుట్టుపూర్వోత్తరాలు మన విశాఖవి! వాల్తేరు దగ్గర దొరికిన ఒక చిన్న తిమింగల జాతిని కూడా ఓవెన్ ఆ సందర్భంలోనే లోకానికి పరిచయం చేశాడు.

ఆ డాల్ఫిన్‌ను నేడు మనబోటివారు సులువుగా చూడగలిగిన చోటు ఒడిశాలోని చిలికా సరస్సు. అక్కడ అవి సుమారు 150 ఉన్నాయి. ఒకప్పుడు సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారం పూడిపోయి, ఉప్పునీటి రాకపోకలు తగ్గి, చేపలు క్షీణించాయి. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. సముద్రపు నీరు మళ్లీ ఆడింది, చేపలు పెరిగాయి, బెస్తల బ్రతుకులు తేరుకున్నాయి. మనిషి పూనుకుంటే చెడిన దానిని బాగుచేయవచ్చునని దీనివలన తెలుస్తుంది.

ప్రయాణం కూడా కష్టం కాదు. బెంగుళూరు–భువనేశ్వర్ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మన హిందూపురం, ధర్మవరం మీదుగానే వెళుతుంది. ఖుర్దా రోడ్‌లో దిగి పూరీ చేరితే జగన్నాథుని దర్శనం, అక్కడికి సుమారు 50 కిలోమీటర్లలో సాతపడాలో డాల్ఫిన్ల దర్శనం. పుణ్యం, పురుషార్థం రెండూ కలిసివస్తాయి. 2020 మార్చిలో మన వయసువారి రైల్వే రాయితీ ఎత్తివేసిన తరువాత ఛార్జీలు భారమైన మాట నిజమే. పదిమందిమి కలిసి వెళ్తే బస, వాహనం, పడవ ఖర్చులైనా తగ్గుతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. సాతపడాలో నేనూ నా శ్రీమతీ ఎక్కిన పడవలో ఒక కుటుంబం వారు "దగ్గరికి పోనివ్వు, ఇంకా దగ్గరికి, పైన ఇస్తాం" అని పడవవాణ్ణి తొందరపెట్టారు. అతను ఇంజను జోరు పెంచాడు. నాలుగు పడవలు ఒకే ప్రాణిని చుట్టుముట్టాయి. అది మునిగి ఎటో పోయింది. ఎవరికీ ఏమీ కనిపించలేదు. నా శ్రీమతి పడవవాడితో "నాయనా, ఇంజను ఆపు. మాకేం తొందర లేదు, ఆఫీసుకు పోవాల్సిన పని లేదు" అన్నది. భాష తెలియకపోయినా చేయి ఊపిన తీరుకు అర్థం చేసుకుని ఆపాడు. పావుగంట నిశ్శబ్దంగా కూర్చున్నాం. అప్పుడు ఉస్సురుమని ఊపిరి విడిచిన శబ్దం, నీటిమీద బూడిదరంగు వీపు, దాని పక్కనే చిన్న పిల్ల.

ఇంజను రెక్క తగిలి, వలలలో చిక్కి ఈ ప్రాణులు చనిపోతున్నాయి. పడవవాణ్ణి తప్పు పట్టి లాభం లేదు. అతను మనమిచ్చే డబ్బు కోసం, మన తొందర కోసం తరుముతున్నాడు. తొందర లేని ప్రయాణికుడు దొరికితే అతనూ తరమడు. అందుకే ఇటువంటి యాత్రకు అందరికంటే తగినవారు పెన్షనర్లే అని నా నమ్మకం. మన దగ్గర ధనం తక్కువేమో గానీ తీరిక, ఓపిక దండిగా ఉన్నాయి.

చూపించే వ్యాపారం ప్రాణులకూ మనుషులకూ మేలు చేయవచ్చుననడానికి న్యూజీలాండ్‌లోని కైకౌరా ఊరు సాక్ష్యం. 1980లలో అక్కడి మావోరీ జాతివారు చాలామంది రైల్వే ఉద్యోగాలు కోల్పోయారు. 1987లో కొన్ని కుటుంబాలు ఇళ్లు తాకట్టు పెట్టి పడవ కొని, తిమింగలాలను చూపడం ప్రారంభించాయి. నేడు ఆ ఊరికి అదే జీవనాధారం. ప్రాణి బ్రతికుంటేనే తమ బ్రతుకు అని వారికి తెలుసు.

మన రాష్ట్రంలోనూ చూడవలసినవి ఉన్నాయి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు 1978 నుండి అభయారణ్యం. అక్కడ నీటికుక్కలు, చేపలు పట్టే బావురుపిల్లులు ఉన్నాయి. విశాఖ తీరంలో చలికాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్క గూటిలో వందకు పైగా ఉంటాయి. 45 నుండి 60 రోజులలో పిల్లలు వెలికివచ్చి, సముద్రపు వెలుగును బట్టి నీటివైపు పోతాయి. ఒడ్డున కరెంటు దీపాలుంటే దారి తప్పుతాయి. ఇక పెద్ద తాబేళ్లు చేపల వలలలో చిక్కి ఊపిరాడక చనిపోతున్నాయి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాది కళేబరాలు కొట్టుకొచ్చాయి. సంతోషకరమైన సంగతీ ఒకటి చెప్పాలి. 2021 డిసెంబరులో విశాఖ సమీపంలోని తంతడి తీరానికి వచ్చిన పెద్ద తిమింగల సొరచేపను అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు.

మనకేం పని అన్న మిత్రునికి ఇంకొక మాట. మన చిత్రావతి పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. వంకలో మనం పారవేసిన ప్లాస్టిక్ సంచి ఏ వరదకో అక్కడికి చేరవచ్చు. నీటిలో తేలే సంచిని జెల్లీఫిష్ అనుకుని తాబేలు మింగుతుంది. కనుక సముద్రం మనకు దూరమే గానీ, సముద్రానికి మనం దూరం కాదు.

ప్రాణులను ఆదరించడం నేర్చుకోవడానికి కైకౌరా వరకు పోనక్కరలేదు. హిందూపురానికి దగ్గరలో, చిలమత్తూరు మండలంలోని వీరాపురం ఉంది. ఏటేటా ఎర్రకాళ్ల కొంగలు అక్కడికి వచ్చి ఊరి చింతచెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను లేపుతాయి. సైబీరియా కొంగలని చాలామంది అంటారు గానీ అవి మన దేశపు పక్షులే. రెట్టలు పడినా, వాసన వేసినా గ్రామస్థులు ఓర్చుకుని, పురిటికి వచ్చిన ఆడబిడ్డలను చూసుకున్నట్లు చూసుకుంటారు. చెరువులు ఎండిన సంవత్సరం వాటికి మేత కరువు. ఆ ఊరివారి ఓర్పునే మనం చిలికా పడవలోకి తీసుకువెళ్లాలి.

కార్యవర్గానికి నా సూచనలు ఇవి. ముందు మనవళ్లతో సహా ఒకరోజు వీరాపురం వెళ్దాం. నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య చిలికా యాత్ర పెట్టుకుందాం. బి.పి., షుగరు మందులు వెంట ఉంచుకోవాలి. పడవలో తల తిరిగే వారు ముందుగా డాక్టరును అడగాలి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కరాదు. పడవ ఎక్కకముందే "తరమవద్దు, దూరాన ఇంజను ఆపు" అని బేరంలోనే చెప్పాలి. అలా చేసిన వానికి పది రూపాయలు ఎక్కువ ఇవ్వాలి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే సభ్యులు కాలిఫోర్నియా తీరంలో తిమింగలాలను చూడబోయినా ఇదే పద్ధతి పాటించాలి.

ముప్పై ఏళ్లు ఫైళ్లలో తలదూర్చిన వాళ్లం. తల ఎత్తి చూడటానికి ఇప్పుడు వీలు చిక్కింది. చూచి రావడమే కాదు, మన మనవళ్లు కూడా చూచేటట్లు వదిలిరావాలి.