బూజు రోగము – ఒకే పేరు గల రెండు మందులు
(విరుదునగరమున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



ప్రత్తి, మిరప, వేరుసెనగలతో బ్రతికిన మనకు బూజు క్రొత్త కాదు. తడిసిన బస్తాకు పట్టినచో పారవేయుదుము. అట్టి బూజే మనుష్యుని ముక్కునుండి కంటికి, మెదడునకు ప్రాకుట 2021లో కరోనా రెండవ అలయందు చూచితిమి. ఆ మే నెలలోనే తమిళనాడును, తెలంగాణమును దానిని ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన రోగముగా ప్రకటించినవి. చక్కెర అదుపులో లేనివారినే అది హెచ్చుగా పట్టినది. చక్కెర రోగము తెలియని యిల్లు మనలో ఏది?

అప్పుడందరి నోటను ఆంఫోటెరిసిన్-బి అను పేరొక్కటే. దానికై మదురై, తిరునల్వేలి దుకాణముల చుట్టు తిరిగినవారు మనలో కలరు. అది ఏ రూపమని అడుగవలెనని వారికెవ్వరును చెప్పలేదు.

ఈ మందు వెనెజులా దేశమున ఒరినోకో నదీప్రాంతపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి 1950 దశకమున లభించినది. బూజు కణపు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని చిల్లులు పొడుచును. మన కణములలోని కొలెస్టరాల్ దానికి దగ్గరి చుట్టము. అందుచేత మన మూత్రపిండములకును దెబ్బ తగులును. నీట కరగదు గనుక మొదట పైత్యలవణముతో కలిపిరి. ఇది పాత రూపము. పిమ్మట లైపోసోములను సన్నని కొవ్వు గోళములలో పొదిగిరి. ఇది క్రొత్తది, వెల చాల హెచ్చు.

రెండిటిని చిట్టెలుకలపై పోల్చి చూచిరి. తోక నరమున కాండిడా బూజు నెక్కించి, మందిచ్చి, ఎన్ని దినములు బ్రతికినవో, మూత్రపిండములలో బూజెంత మిగిలినదో లెక్కింతురు. సమాన తూకమున చూచిన క్రొత్తది పాతదానికంటె బలమైనది కాదు. అయితే పాతది బరువు కిలోకు 2, 3 మిల్లిగ్రాములు ఒక్కమారు నరములోనికి పోయిన సగము ఎలుకలు చచ్చును. క్రొత్తది 175 మిల్లిగ్రాములైనను అంత చేటు చేయదు. ఎక్కువగా ఈయగలుగుటయే దాని గొప్ప. మనుష్యులకును పాతది దినమునకు కిలోకు 1.5 మిల్లిగ్రాములు దాటరాదు. క్రొత్తది ఈ రోగమునకు 5 మొదలు 10 వరకు ఇత్తురు. పేరొక్కటే గదా యని క్రొత్తదాని మోతాదున పాతది ఎక్కించినచో గుండె ఆగవచ్చును! కావున సీసా తెచ్చినవారు దానిపై చీటిని వైద్యునికి చూపి, ఏ రూపమో నోటితో చెప్పవలెను.

2021లోనే హైదరాబాదు ఐ.ఐ.టి. పరిశోధకులు నానోపోగులతో నోటి మాత్ర చేసి, 60 మిల్లిగ్రాముల మాత్ర సుమారు 200 రూపాయలకు ఈయవచ్చుననిరి. సంతోషమే. కాని ఈ మందు ప్రేగులనుండి రక్తమునకు చేరుట కష్టము. ఆ పరీక్షలో నెగ్గినదని తేలిన పిమ్మటనే చౌకను మెచ్చుకొనవలెను.

ముక్కున నల్లని స్రావము, ఒక ప్రక్క ముఖము వాపు, కంటి మసక కనబడినచో దుకాణమునకు గాక, ఆనాడే పెద్దాసుపత్రికి పోవలెను. కుళ్లిన భాగమును కోసి తీయక మందొక్కటే తరచు చాలదు. అడుగదలచినవారు ఇప్పుడు అడుగవచ్చును.