సిర్పూర్ (టి)లో ఆ 'టి' ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద మా సార్లున్నారు. వాళ్ల ముందు చరిత్ర పాఠం చెప్పమని కమిటీ తమ్ముళ్లు నన్ను నిలబెట్టారు. పదిహేను నిమిషాలిచ్చారు. మన ఊరి పేరు పక్కన బ్రాకెట్లో ఉన్న ఒక్క అక్షరం గురించి మాట్లాడి దిగిపోతాను.

హైదరాబాద్‌లో ఎక్కడ అడ్రసు రాసినా ఎవరో ఒకరు అడుగుతారు, "ఈ టి ఏందండీ?" అని. మనలో చాలామంది 'టౌన్' అంటాం. రైల్వే వాళ్లు కూడా స్టేషన్‌కు సిర్పూర్ టౌన్ అనే పేరు పెట్టారు. కానీ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఇంకో సిర్పూర్ ఉంది. అది ఉట్నూరు వైపుది, అందుకే సిర్పూర్ (యు). అక్కడ బ్రాకెట్లో ఉన్నది ఊరి పేరైతే ఇక్కడ ఉన్నదీ ఊరి పేరే కావాలి కదా. ఆ ఊరు తాండూరు. నాపరాళ్ల తాండూరు కాదు, బెల్లంపల్లి దగ్గరి తాండూరు.

నిజాం కాలంలో 1872 నుంచి 1905 దాకా ఈ ప్రాంతమంతా సిర్పూర్-తాండూర్ పేరుతో ఒక చిన్న జిల్లాగా నడిచింది. అందులో మూడు తాలూకాలు. ఎడ్లాబాద్, అంటే ఇప్పటి ఆదిలాబాద్. రెండోది రాజురా. మూడోది మనది. 1905లో దీన్ని పూర్తి జిల్లా చేసినప్పుడు ఎలగందుల నుంచి, అంటే మన కరీంనగర్ వాళ్ల దగ్గర నుంచి, లక్షెట్టిపేట, చెన్నూరు తెచ్చి కలిపారు. ఇందూరు నుంచి నిర్మల్ వచ్చింది. కచేరీ ఆదిలాబాద్‌లో పెట్టారు, పేరూ దానిదే అయింది. మన పేరు మీద నడిచిన జిల్లాలో మనకు చివరికి మిగిలింది ఆ బ్రాకెట్టే.

ఇంకా వెనక్కి పోతే చాందా గోండు రాజుల కథ. వాళ్ల మొదటి రాజు భీమ్ బల్లాల్ సింగ్ సిర్పూర్‌ను రాజధాని చేసుకున్నాడని, ఆయన కోట మాణిక్‌గఢ్ అని సంప్రదాయం చెబుతుంది. తర్వాతి రాజులు బల్లార్షాకు, అక్కడి నుంచి చాందాకు మారారు. ఇప్పుడు చూడండి, రాజధాని తెలంగాణలో, ఆ రాజు కోట మహారాష్ట్రలో! ఆయన బతికుంటే కోటకు పోవాలన్నా రాష్ట్రం దాటాలి.

ఈ గీత గీసింది 1956 నవంబర్ 1న. హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషను బట్టి పంచినప్పుడు ఆదిలాబాద్ జిల్లా నుంచి రాజురా, కిన్వట్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నాందేడ్ జిల్లా నుంచి ముధోల్ మనకు వచ్చింది. మాప్ మీద చూస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. మా మేనత్తను రాజురా తాలూకాలో ఇచ్చారు. పెళ్లినాటికి అది మన జిల్లానే. 1956లో ఆమె అత్తగారి ఊరు నాందేడ్ జిల్లా అయింది. చాందా దగ్గరుండగా నాందేడ్ ఎందుకో ఆ రైతులకు అర్థం కాలేదు. భూమి కాగితం కావాలంటే అంత దూరం. 1959లో రాజురాను చాందా జిల్లాలో కలిపారు. మరుసటి ఏడు మే 1న మహారాష్ట్ర పుట్టింది. అత్తమ్మ ఇల్లు కదల్లేదు, పొయ్యి కదల్లేదు, ఆమె మాత్రం నాలుగేళ్లలో రెండు రాష్ట్రాలు, రెండు జిల్లాలు మారింది. మా నాన్న ఆమెను తీసుకురావడానికి ఎప్పటిలాగే బండి కట్టేవాడు. "రాష్ట్రం మారితే చెల్లె మారుతదా?" అనేవాడు.

భాషను బట్టి గీసిన గీత అంటారు గానీ మన అంగట్లో నిలబడితే అది ఎక్కడుందో చెప్పగలరా? తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి, ఒకే బేరంలో నాలుగూ వినబడతాయి. కెరమెరి మండలంలో పరందోళి, ముకదంగూడ లాంటి ఊళ్లను ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ మావే అంటాయి. అక్కడి వాళ్లకు రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. రెండు ప్రభుత్వాల బడులు కూడా ఉన్నాయి. బయటివాళ్లు దీన్ని వింతగా రాస్తారు. నాకు వింతగా తోచదు, ఏ పట్టా చెల్లుతుందో తెలియని రైతుకు రెండు కార్డులున్నా ఏం లాభం?

కాగజ్‌నగర్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క మాట. కొత్తపేట అనే ఊరు 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్ల కాగజ్‌నగర్ అయింది. మిల్లుకు మన పేరు, స్టేషన్‌కూ ముందు మన పేరే. 2014లో మిల్లు మూతపడి, 2018లో తెరుచుకునేదాకా మన బ్యాచ్‌మేట్ల ఇళ్లలో ఎలా గడిచిందో ఈ హాల్లో కూర్చున్న వాళ్లను అడగండి, నాకంటే బాగా చెబుతారు.

ఇప్పుడు అసలు పని. ఈ సభ కోసం హెడ్‌మాస్టర్ గారు మన బడి పాత ప్రవేశ రిజిస్టర్లు చూపించారు. మొదటి బ్యాచ్‌ల పిల్లలు 1960ల మొదట్లో పుట్టినవాళ్లు. పుట్టిన ఊరి గడిలో విరూర్, రాజురా కనబడతాయి. అంటే గీత పడ్డాక కూడా తల్లులు కాన్పుకు అటు పుట్టింటికి పోయారు, పిల్లలు ఇటు బడికి వచ్చారు. ఈ సంగతి ఏ గెజిటీర్‌లోనూ దొరకదు. రెండు రిజిస్టర్లకు చెదలు పట్టింది. ఒకదాని మొదటి పేజీలు ఇప్పటికే పొడి అయ్యాయి.

పేర్లు, కులం, పుట్టిన తేదీ బయట పెట్టొద్దని సార్ షరతు పెట్టారు, అది న్యాయమే. ఊరు, సంవత్సరం, ఈ రెండు గడులే రాసుకుంటాం. రేపు ఉదయం పది గంటలకు ఆఫీసు గది తెరిచి ఉంచుతామన్నారు. మరాఠీ, ఉర్దూ దస్తూరీ చదవగలిగిన వాళ్లు ఇద్దరన్నా కావాలి. ఇంట్లో 1956 గుర్తున్న పెద్దవాళ్లుంటే, వాళ్లకు ఎనభై దాటి ఉంటుంది, ఈ పండుగ సెలవుల్లోనే ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేసి తీసుకురండి. పేర్లు ఇచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి, నోటుబుక్కు నా దగ్గరే ఉంది.