నడుముకు తుపాకి, చేతిలో గ్లాసు

డాలస్, హ్యూస్టన్‌లలో ఉంటున్న మనవాళ్లలో తుపాకి కొనుక్కున్నవారూ ఉన్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసమే.

టెక్సస్‌లో 2021 నుంచి, అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగొచ్చు. చొక్కా కింద దాచుకోవచ్చు. కానీ మత్తులో ఉండి తిరగకూడదు. సొంత ఇల్లు, సొంత కారు లాంటి చోట్ల ఈ నిబంధన వర్తించదు. చట్టం మినహాయించింది కదా అని మందుకు బుద్ధి రాదు, అది వేరే విషయం!

బార్ల సంగతి చూద్దాం. అక్కడ ఎర్రటి అంకెల్లో 51 శాతం అని బోర్డు ఉంటుంది. అంటే, ఆ చోటి రాబడిలో సగానికి పైగా అక్కడ తాగే మందు మీదే వస్తుందని. ఆ బోర్డు కనిపిస్తే తుపాకితో లోపలికి వెళ్లకూడదు. చుక్క ముట్టకపోయినా సరే, వెళ్లకూడదు.

"ఒక్క బీరే కదండీ" అంటారు కొందరు. ఎంత తాగామో లెక్క చూసుకునే తెలివినే మందు ముందుగా దెబ్బతీస్తుంది.

అన్నట్టు, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం.

పార్టీకి బయల్దేరుతున్నారా? తాగే ఉద్దేశం ఉంటే, తుపాకిని ఇంట్లోనే పెట్టి తాళం వేసి వెళ్లండి.