మందు పుట్టిన మట్టి



మనం ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కలుసుకున్నామో ఆ మాస్టారు పాఠం చెప్పే తీరే వేరు. మృగశిర కార్తెలో తొలివాన పడిన ఒక రోజు క్లాసు ఆపేసి, మమ్మల్ని కాలేజీ మైదానంలోకి తీసుకెళ్లి, "వాసన చూడండ్రా" అన్నారు. మట్టివాసన అన్నాం. "మట్టిది కాదు, మట్టిలో కాపురమున్నవాళ్లది" అన్నారు. ఆ సాయంత్రమే ట్యాంక్‌బండ్ మీదికి నడిపించి మళ్లీ అదే మాట అన్నారు. ఈసారి అందరం ముక్కులు మూసుకున్నాం. ఇవాళ నేను చెప్పబోయేది ఆ రెండు వాసనల గురించి, ఏ వాసనా లేని మూడో సంగతి గురించి.

మొదటి వాసన పేరు జియోస్మిన్. దాన్ని ఎక్కువగా తయారుచేసేవి స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా. నూలుపోగుల్లా అల్లుకుంటూ, రాలిన ఆకునూ ఎండిన కొయ్యకాలునూ కుళ్లబెట్టి మట్టిలో కలుపుతాయి. వీటి పొరుగునే రైజోబియం ఉంటుంది. వేరుశనగ మొక్క పీకి, వేరుమీది బుడిపెను గోటితో చీల్చి చూడండి, లోపల ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చే కార్ఖానా అదే.

ఇంతమంది ఉన్న ఇంట్లో తగాదాలు తప్పవు. పక్కవాడిని అదుపులో పెట్టడానికి స్ట్రెప్టోమైసిస్ విషాలు తయారుచేస్తాయి. ఆ విషాలే మనకు మందులయ్యాయి. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో షాట్జ్ మట్టి బ్యాక్టీరియా నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు, క్షయకు మందు దొరికింది. ఆ తరవాత భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలల్లో, బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ పొలంలోని మట్టినుంచి ఆరియోమైసిన్ పట్టుకున్నాడు. టెట్రాసైక్లిన్ మందుల వంశానికి అదే మొదటిది. ఆ మందు లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇక రెండో వాసన. కుతుబ్‌షాహీల కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా, మన పికెట్ నాలా దశాబ్దాలుగా మురుగును మోసుకొచ్చాయి. ఆ మురుగును తినే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను ముందే ఖర్చు చేసేస్తాయి. అడుగు పూడికలో ఉన్నవాటికి ఊపిరి తీసుకోవడానికి మిగిలేది సల్ఫేటే. అవి దాన్ని వాడుకుని వదిలే హైడ్రోజన్ సల్ఫైడే ఆ కుళ్లిన కోడిగుడ్డు కంపు. అదే ఇనుముతో కలిస్తే బురద నల్లబడుతుంది. మనం ఛీ అనే ఆ పూడిక ఒక మేలు కూడా చేస్తోంది: సీసం, జింకు, కాడ్మియం వంటి లోహాలను సల్ఫైడ్లుగా కట్టిపడేసి నీటిలోకి పోనివ్వదు. పూడిక తీసి గట్టున ఆరబెడితే గాలి తగిలి ఆ కట్టు వీడిపోవచ్చు. అందుకే పూడిక తీయడం పారతోనే అయ్యే పని కాదు, ముందు పరీక్ష కావాలి.

మురుగు చెరువులోనే ఆగదు, నేలలోకీ దిగుతుంది. ఆ భూగర్భజలాల కథ క్లుప్తంగా చెప్తాను. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్ బండ, నీరు దాని పగుళ్లలో దాక్కుంటుంది. మురుగునుంచి, ఎరువులనుంచి దిగిన నైట్రేట్‌ను తిరిగి నత్రజనిగా మార్చి గాలికి పంపే బ్యాక్టీరియా ఉన్నాయి. కానీ వాటికి తిండి కావాలి, అంటే కుళ్లే పదార్థంలోని కార్బన్. బండ పగుళ్లలో అది అరుదు. పనివాళ్లున్నా కూలి లేదు, అందుకే నైట్రేట్ బోరునీళ్లలో అలాగే ఉండిపోతుంది.

మూడోదానికి వాసన లేదు. అది నీళ్లలో కలిసిన మందు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో మందుల తయారీకి పునాది వేసింది. అక్కడ పని నేర్చినవాళ్ల చేతుల మీదుగా ఈ నగరం చుట్టూ మందుల పరిశ్రమ విస్తరించింది, లోకానికి చౌకగా మందులిచ్చింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిని స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది చాలా ఎక్కువ. 2009లో ప్రచురించిన పరిశోధనలో చుట్టుపక్కల చెరువుల్లోనూ బావుల్లోనూ మందుల జాడ కనిపించింది. 2011లో వెలువడిన పరిశోధనలో, ఆ కేంద్రం నీళ్లు కలిసే వాగు పూడికలోని డీఎన్ఏ చదివితే, మందులను తట్టుకునే జన్యువులు కుప్పలుగా బయటపడ్డాయి.

సిప్రోఫ్లాక్సాసిన్ మట్టిలో పుట్టింది కాదు, పూర్తిగా మనిషి చేతి తయారీ. అయినా దాన్ని ఎదిరించే జన్యువుల్లో కొన్ని నీటి బ్యాక్టీరియాలో ముందునుంచే ఉన్నాయి. పరీక్ష హాల్లో చీటీ అందించినట్టు, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టమీద రాసి ఒక జాతి ఇంకో జాతికి వాటిని ఇచ్చేయగలదు. మందు నిత్యం కలిసే వాగులో చీటీ అందినవాడే బతుకుతాడు. ఆ చీటీ రోగాలు తెచ్చే జాతికి చేరిందా, ఆసుపత్రి మంచం మీద మన మాత్ర పనిచేయదు. కొన్ని వేల కోట్ల కణాల జనాభాకు మనమే రోజూ తర్ఫీదు ఇస్తున్నామన్నమాట.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీలు వదిలే నీళ్లలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదించింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో అవి లేవు. ఈ వేదిక నుంచి నేను అడిగేవి రెండు. ఆ పరిమితులు తిరిగి రావాలి. ఫ్యాక్టరీల దిగువనున్న చెరువు పూడికను పొలాలకు తోలేముందు అందులో ఏ మందు ఉందో, ఏ లోహం ఉందో చూడాలి. చెరువుమట్టి పొలానికి బలమని మన తాతలు తోలారు. అది వట్టి నమ్మకం కాదు. ఆ చెరువులోకి దిగినదే మారిపోయింది.

వాసన ఉన్నవాటిని మాస్టారు ముక్కుతో చూపించారు. వాసన లేనిదాన్ని కొలిచి చూపించాలి. ఆ కొలత పరిశోధన పత్రికల్లోనే ఉండిపోకుండా, ఆ నీళ్లు తాగే ఊళ్లో పంచాయతీ గోడమీద తెలుగులో రాసి ఉండాలి. మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి, ఆ గోడమీది రాతకన్నా మంచి అచ్చుప్రతి నాకు తోచడం లేదు.